టెక్సాస్‌లో గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లు కారులో లోడెడ్ పిస్టల్ పెట్టుకోవచ్చా? న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా రోడ్ ట్రిప్ కూడా ఉంది

ఫ్రిస్కో_గుంటూరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మేముండేది ఫ్రిస్కోలో. పగలు ఐటీ ఉద్యోగం, దానితో పాటు ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాం, వారంలో కొన్ని రాత్రులు స్టోర్ మూసే వంతు నాది. క్యాష్ లెక్కపెట్టుకుని కారెక్కేసరికి పదకొండు దాటుతుంది. పోయిన నెల మా రోడ్డులోనే ఇంకో స్టోర్‌లో రాత్రిపూట గన్ చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు, కౌంటర్‌లో ఉన్నది మన తెలుగు అబ్బాయే. ప్రాణాలకేమీ కాలేదు గానీ అప్పట్నుంచి నేను ఇంటికొచ్చేదాకా మా ఆవిడ నిద్రపోవడం లేదు.

నాకు ఈమధ్యే గ్రీన్ కార్డ్ వచ్చింది, మా ఆవిడక్కూడా. గన్ షాపుకెళ్లి ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. షాపతను "టెక్సాస్‌లో ఇప్పుడు పర్మిట్ అక్కర్లేదు, కారులో లోడ్ చేసి పెట్టుకో, ఏం కాదు" అన్నాడు. ఫ్రెండ్స్‌లో సగం మంది అదే మాట, మిగతా సగం మంది జోలికి పోవద్దని భయపెడుతున్నారు, ఎవరూ కారణం మాత్రం సరిగ్గా చెప్పరు.

నా డౌట్లు ఇవి. లోడ్ చేసి కన్సోల్‌లో (ముందు సీట్ల మధ్య ఉండే అరలో) పెట్టుకుంటే నిజంగా ఏ ఇబ్బందీ లేదా? మా తమ్ముడు హెచ్1బీ మీద మాతోనే ఉంటున్నాడు, అప్పుడప్పుడూ నా కారు తీసుకెళ్తాడు, వాడికేమన్నా అవుతుందా? జూన్‌లో ఎడిసన్‌లో మా బావగారి గృహప్రవేశం, కారులోనే వెళ్దామనుకుంటున్నాం, దారిలో రాత్రిళ్లు మోటళ్లలో దిగాలి కాబట్టి పిస్టల్ తీసుకెళ్లాలని ఉంది. అప్పటికి అమ్మానాన్నలు కూడా విజిటర్ వీసా మీద వచ్చి మాతోనే ఉంటారు, పిల్లలు చిన్నవాళ్లు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి ప్లీజ్.

డాలస్_పాతకాపు:

షాపతను చెప్పింది తప్పు కాదు తమ్ముడూ, కానీ సగమే చెప్పాడు. టెక్సాస్ వరకు నాకు తెలిసింది చెప్తాను, మిగతాది ఇమిగ్రేషన్ తెలిసినవాళ్లు చెప్తారు.

పాతికేళ్ల కిందట ఇక్కడ కారులో పిస్టల్ అంటే పెద్ద తలనొప్పి. లైసెన్స్ లేనివాళ్లు ప్రయాణంలో ఉంటేనే పెట్టుకోవచ్చు అనేవాళ్లు, ప్రయాణం అంటే ఎంత దూరమో ఎక్కడా రాయలేదు, పక్క కౌంటీకి వెళ్తే ప్రయాణమా కాదా అని కోర్టుల్లో వాదించుకునేవాళ్లు. 2007లో చట్టం మార్చి, సొంత కారులో బయటికి కనబడకుండా పెట్టుకుంటే నేరం కాదన్నారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇంకో అడుగు వేసి, 21 ఏళ్లు నిండి, గన్ ఉంచుకోవడానికి చట్టప్రకారం అడ్డేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే వెంట పెట్టుకోవచ్చన్నారు. కాబట్టి లోడ్ చేసి కన్సోల్‌లో మూతపెట్టి ఉంచితే టెక్సాస్ చట్టం ప్రకారం సమస్య లేదు. సీటు మీదో డాష్‌బోర్డు మీదో కనబడేలా ఉంటే మాత్రం హోల్‌స్టర్‌లోనే (తుపాకి ఒరలోనే) ఉండాలి, ఊరికే పడేసి ఉంటే నేరం.

ఇప్పుడు షాపతను చెప్పని సంగతి. కారులో పిస్టల్ ఉండగా నువ్వు ఇంకేదైనా నేరం చేస్తూ దొరికితే, మామూలు ట్రాఫిక్ టికెట్ స్థాయి దాటిన నేరమైతే, ఆ పిస్టల్ కూడా నేరమైపోతుంది. మనవాళ్లకి అన్నిటికంటే ఎక్కువగా తగిలేది డీడబ్ల్యూఐ. ఎవరింట్లోనో పార్టీ, రెండు పెగ్గులు వేసుకుని బయల్దేరతారు, టోల్‌వే మీద ఆపుతారు. తాగి నడిపినందుకు ఒక కేసు, కన్సోల్‌లో పిస్టల్ ఉన్నందుకు అన్‌లాఫుల్ క్యారీయింగ్ అని ఇంకో కేసు. అది క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైన్. గన్ బయటికి తీయకపోయినా అంతే. పిస్టల్ ఉన్న కారులో గ్లాసు ముట్టుకోకూడదు, ఇందులో బేరం లేదు.

ఇంకోటి స్కూళ్లు. ఇది ఫెడరల్ చట్టం, టెక్సాస్‌ది కాదు. స్కూలు చుట్టూ 1,000 అడుగుల లోపల గన్ ఉండకూడదు, రోడ్డు మీద పోతున్న కారులో అయినా సరే. దానికి రెండు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి: ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ నీ దగ్గర ఉండటం, లేదా గన్ అన్‌లోడ్ చేసి తాళం వేసిన పెట్టెలో ఉండటం. పర్మిట్ అక్కర్లేదన్న 2021 చట్టం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నీ చేతిలో లైసెన్స్ అనేదే లేదు కదా. ఫ్రిస్కోలో ప్రతి కాలనీకీ ఒక ఎలిమెంటరీ స్కూల్, పాల ప్యాకెట్ తెచ్చుకోవాలన్నా దాని ముందునుంచే పోవాలి. ఒక్క దీనికోసమైనా ఎల్‌టీసీ తీసుకో, అంటే లైసెన్స్ టు క్యారీ. డీపీఎస్ (ఆ లైసెన్స్ ఇచ్చే టెక్సాస్ ప్రభుత్వ శాఖ) ఫీజు 40 డాలర్లు, ఒక పూట క్లాసు, వేలిముద్రలు, షూటింగ్ పరీక్ష. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఇస్తారు.

ఇమిగ్రేషన్_డెస్క్:

నేను హ్యూస్టన్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. లాయర్‌ని కాదు, కానీ రోజూ ఈ ఫైళ్ల మధ్యే ఉంటాను. పైన అన్నగారు చెప్పినదంతా పౌరసత్వం ఉన్నవాళ్లకి సరిపోతుంది. మనలాంటివాళ్లు మాత్రం స్టేట్ ఏమంటుందో అడిగేముందు, ఈ దేశంలో నేను ఏ కాగితం మీద ఉన్నాను అని చూసుకోవాలి. అక్కడే చాలామంది జారిపోతున్నారు.

మీ తమ్ముడి సంగతి ముందు. ఫెడరల్ చట్టంలో నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద, అంటే కొంతకాలానికని ఇచ్చే వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదని స్పష్టంగా ఉంది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1, విజిటర్ అందరూ ఇందులోకే వస్తారు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షని 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకి పెంచారు. కలిగి ఉండటం అంటే కొనుక్కోవడమో జేబులో పెట్టుకోవడమో మాత్రమే కాదండీ. కన్సోల్‌లో పిస్టల్ ఉందని తెలిసీ, చెయ్యి చాపితే అందేలా పెట్టుకుని ఒక్కడే కారు నడుపుకుంటూ వెళ్తే, అది అతని అధీనంలో ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించగలడు. "గన్ అన్నయ్యది" అన్న జవాబు నిలబడదు. పైగా వీసా మీద ఉన్నాడని తెలిసి గన్ చేతికిస్తే ఇచ్చినవాళ్లదీ ఫెడరల్ నేరమే, అంటే మీరూ ఇరుక్కుంటారు. తమ్ముడికి తాళం చెవులు ఇచ్చే ముందు పిస్టల్ తీసి ఇంట్లో లాక్‌లో పెట్టండి, ఆ లాక్ కోడ్ అతనికి తెలియనివ్వకండి.

అమ్మానాన్నలు పక్కన కూర్చున్నంత మాత్రాన నేరం కాదు. కానీ మీరు స్టోర్‌లోకి వెళ్లి వాళ్లని గన్‌తో పాటు కారులో వదిలేయడం, "నాన్నా, కొంచెం ఆ బ్యాగ్ పట్టుకో" అనడం, ఇలాంటివి వద్దు.

ఇప్పుడు మీ విషయం. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి కొనడం, ఉంచుకోవడం చట్టబద్ధమే. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ఆయుధాల కింద వేరే నిబంధన ఉంది. ఏ చట్టం కిందైనా సరే, గన్ కొనడం, కలిగి ఉండటం, వెంట తీసుకెళ్లడం లాంటివాటిలో నేరం రుజువైతే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని దేశం నుంచి పంపించవచ్చు. అది ఫెలనీ, అంటే పెద్ద నేరం, కానక్కర్లేదు, ఎవరికీ గాయం కానక్కర్లేదు, వచ్చి ఎన్నేళ్లయిందో అన్న లెక్కా లేదు. డాలస్ అన్నగారు చెప్పిన డీడబ్ల్యూఐ ఉదాహరణే తీసుకోండి. పౌరుడికి అది ఫైను, లైసెన్స్ సస్పెన్షన్, ఇన్సూరెన్స్ పెరగడం. ఆ పక్కన ఉన్న గన్ కేసు మీకు డిపోర్టేషన్ కాగితం.

ఇంకా ప్రమాదకరమైనది డెఫర్డ్ అడ్జుడికేషన్. టెక్సాస్‌లో చిన్న కేసుల్లో లాయర్లు మామూలుగా ఇదే ఇప్పిస్తారు. గిల్టీ అనో, నో కాంటెస్ట్ (కేసుతో పోరాడను) అనో ఒప్పుకుంటే జడ్జి తీర్పు వాయిదా వేసి ప్రొబేషన్ లాంటిది పెడతాడు, అది పూర్తయితే కేసు కొట్టేస్తారు. టెక్సాస్ లెక్కలో అది కన్విక్షన్ (నేరం రుజువైనట్టు) కాదు. ఇమిగ్రేషన్ లెక్కలో కన్విక్షనే. కేసు పోయిందని సంతోషంగా ఇండియా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్ల ఫైళ్లు నేను చూశాను. క్లయింటుకి డిపోర్టేషన్ ముప్పు ఉంటే క్రిమినల్ లాయరే ముందుగా చెప్పి తీరాలని 2010లో పడీల్లా కేసులో సుప్రీం కోర్టు అంది, అయినా మీరు పౌరులో కాదో ఆ లాయర్‌కి మీరే మొదటిరోజే చెప్పండి. సిటిజన్‌షిప్ ఫారంలో అరెస్టుల గురించి అడుగుతారు, కొట్టేసిన కేసు కూడా రాయాలి.

ఎంఎస్_ఆర్లింగ్టన్:

అన్నా, మధ్యలో వస్తున్నందుకు సారీ, నేను ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను. మా రూమ్మేట్స్ వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటారు, అక్కడే గన్ అద్దెకిస్తారు, ఫొటోలు దిగి పెడతారు. రేంజ్‌లో అయితే పర్లేదు అంటున్నారు. ఇంకొకడు ఆన్‌లైన్‌లో హంటింగ్ లైసెన్స్ కొనుక్కుంటే స్టూడెంట్స్ కూడా గన్ కొనుక్కోవచ్చు అంటున్నాడు. నిజమేనా?

ఇమిగ్రేషన్_డెస్క్:

మంచిపని చేశావు తమ్ముడూ అడిగి. రేంజ్‌కి వేరే చట్టమేమీ లేదు. అద్దె గన్ అయినా నీ చేతిలో ఉన్నంతసేపూ అది నీ దగ్గర ఉన్నట్టే. దీనిమీద సుప్రీం కోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది, రెహైఫ్ కేసు అంటారు, 2019. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకి చదువుకోవడానికి వచ్చాడు, మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, అయినా ఉండిపోయాడు. తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. అంతే, ఎవరినీ ఏమీ చేయలేదు. ఇక్కడ చట్టవిరుద్ధంగా ఉంటూ గన్ పట్టుకున్నాడని కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలి అని సుప్రీం కోర్టు అంది. నువ్వు ఎఫ్1 మీద ఉన్నావని నీకు తెలుసు కదా, కాబట్టి ఆ తీర్పు నీకు పెద్దగా ఉపయోగపడదు. ఇక ఆ ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టడం అంటే సాక్ష్యం మనమే తయారుచేసి ఇవ్వడం. దయచేసి తీసేయమని మీ రూమ్మేట్స్‌కి చెప్పు.

హంటింగ్ లైసెన్స్ మాట పుకారు కాదు, చట్టంలో నిజంగానే ఆ మినహాయింపు ఉంది. ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే నాన్ ఇమిగ్రెంట్ మీద ఉన్న నిషేధం వర్తించదు. కానీ టెక్సాస్ వేట లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 ఉదయం కొత్తది తీసుకోకపోతే, అల్మారాలో గన్ ఉన్నందుకే నువ్వు ఫెడరల్ నేరంలో ఉన్నట్టు. చదువు, ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి), తర్వాత హెచ్1బీ లాటరీ, ఇన్ని గండాలు దాటాల్సిన వయసులో ఒక వీకెండ్ సరదా కోసం అంత సన్నని తాడు మీద నడవడం దేనికి? గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద పనిచేస్తున్నవాళ్లకీ నేను చెప్పేది ఇదే, కార్డు చేతికి వచ్చేదాకా ముట్టుకోవద్దు.

ఎడిసన్_మావయ్య:

బాబూ ఫ్రిస్కో, గృహప్రవేశానికి రండి, సంతోషం, ఆ పిస్టల్ మాత్రం ఇంట్లో వదిలేసి రండి. ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

మీరు వచ్చే దారి నాకు తెలుసు, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఐ-30 మీద లిటిల్ రాక్, అక్కడ ఐ-40 ఎక్కి టెన్నెసీ అడ్డంగా దాటి, ఐ-81 మీద వర్జీనియా పొడుగునా వచ్చి, హారిస్‌బర్గ్ దాటాక ఐ-78. ఆర్కన్సా, టెన్నెసీ, వర్జీనియా దాకా మీకు పెద్ద తేడా తెలియదు, ఇవి కొంచెం ఉదారంగా ఉండే రాష్ట్రాలు, అయినా ఒక్కోదానికి ఒక్కో నిబంధన. వర్జీనియాలో లైసెన్స్ లేకుండా పిస్టల్ బయటికి కనబడకుండా పెట్టుకోవాలంటే అది మూసిన పెట్టెలోనో గ్లోవ్ బాక్స్‌లోనో ఉండాలి. వెస్ట్ వర్జీనియా దాటాక మేరీల్యాండ్ వస్తుంది, ఐ-81 మీద ఆ రాష్ట్రం మొత్తం 12 మైళ్లు. పిల్లలు బాత్రూమ్ అడిగి ఆపేలోపల అయిపోతుంది. కానీ ఆ 12 మైళ్లలో వాళ్ల పర్మిట్ లేకుండా కారులో లోడెడ్ హ్యాండ్‌గన్ ఉంటే అరెస్టు, మీ టెక్సాస్ లైసెన్స్‌ని వాళ్లు గుర్తించరు. పెన్సిల్వేనియాలో కూడా కారులో అలా పెట్టుకోవాలంటే వాళ్లు ఒప్పుకునే లైసెన్స్ ఉండాలి. ఐ-78 మీద డెలావేర్ నది దాటగానే న్యూజెర్సీ, ఇక్కడ ఇంకెవరి లైసెన్సూ చెల్లదు. పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ దొరికితే సెకండ్ డిగ్రీ క్రైమ్, 5 నుంచి 10 ఏళ్లు, అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా లోపల ఉండాలని చట్టంలోనే ఉంది.

2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒకావిడ, చిన్నపిల్లల తల్లి, ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే మనిషి, అట్లాంటిక్ సిటీ వైపు కారులో వస్తుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపారు. ఆవిడ దగ్గర పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది, అది ఇక్కడ చెల్లదని తెలియదు. పోలీసాయనకి తనే మర్యాదగా చెప్పింది, నా దగ్గర గన్ ఉందండీ, ఇదిగో పర్మిట్ అని. అక్కడికక్కడే అరెస్టు. మూడున్నరేళ్ల జైలు అంచు దాకా వెళ్లింది, దేశమంతా గొడవయ్యాక జైలు తప్పింది, చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు. ఆవిడ అమెరికా పౌరురాలు. గ్రీన్ కార్డ్ మీద ఉన్న మీకోసం అంత గొడవ ఎవరు చేస్తారు చెప్పండి?

ఎవరో ఒకరు వచ్చి 1986 ఫెడరల్ చట్టం ఉంది, సేఫ్ పాసేజ్ ఉంది అంటారు కాబట్టి అదీ చెప్తాను. ఉంది, నిజమే. గన్ అన్‌లోడ్ చేసి, గన్ గానీ తూటాలు గానీ కూర్చునే చోటునుంచి చేతికందకుండా ట్రంకులో పెట్టుకుంటే, మధ్యలో ఏ రాష్ట్రమైనా దాటిపోవచ్చు. మినీవ్యాన్, ఎస్‌యూవీల్లాగా విడిగా ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లోవ్ బాక్స్, కన్సోల్ లెక్కలోకి రావు. కానీ ఆ చట్టం దాటిపోయేవాళ్లకి. బయల్దేరిన చోటా చేరే చోటా గన్ వెంట ఉంచుకునే హక్కు ఉంటేనే అది కాపాడుతుంది. మీరు చేరేది ఎడిసన్, ఇక్కడ మీకు ఆ హక్కు లేదు. మోటల్లో ధైర్యం కోసం అంటున్నారు, అక్కడే చట్టం చెయ్యి వదిలేస్తుంది. యూటా నుంచి ఒకాయన అలెన్‌టౌన్ వెళ్లడానికి నెవార్క్‌లో ఫ్లైట్ మారాలి, ఆలస్యమై అది తప్పిపోయింది, తాళం వేసిన గన్ ఉన్న బ్యాగ్ తీసుకుని రాత్రికి హోటల్లో పడుకున్నాడు. పొద్దున ఎయిర్‌పోర్టుకొచ్చి నిజాయతీగా బ్యాగ్‌లో గన్ ఉందని చెప్తే అరెస్టు చేశారు. తర్వాత చార్జీలు ఎత్తేశారు గానీ, తప్పు అరెస్టని ఆయన దావా వేస్తే 2010లో థర్డ్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రాత్రంతా బ్యాగ్ చేతికందేలా ఉంది కాబట్టి సేఫ్ పాసేజ్ వర్తించదంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఆ సర్క్యూట్ కిందే ఉన్నాయి.

హోటల్ గది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకోండి, మెయిన్ రోడ్డు మీదున్న మంచి హోటల్ చూసుకోండి, ఇంకో నలభై డాలర్లు ఎక్కువైనా సరే.

కేటీ_అమ్మ:

చట్టాలు అందరూ చెప్పారు, పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు. మా ఆయనకి లైసెన్స్ ఉంది, మా ఇంట్లో గన్ ఉంది, అందుకే రాస్తున్నాను, గన్ అంటే అసహ్యంతో కాదు.

కన్సోల్ అన్నారు కదా. పిల్లలు టిష్యూ కోసం, చార్జర్ కోసం, చూయింగ్ గమ్ కోసం ముందుగా తెరిచేది ఆ కన్సోలే. మూడేళ్ల పిల్లాడు కారు సీటు బెల్టు తనే విప్పుకుని ముందు సీటులోకి పాకడం మీరు చూసే ఉంటారు. పెట్రోల్ కొట్టిస్తూ మీరు బయట నిలబడి ఉండే ఆ నాలుగు నిమిషాలు చాలు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడెడ్ గన్ అందేలా అజాగ్రత్తగా వదిలితే దానికి వేరే సెక్షన్ ఉంది, పిల్లలకి ప్రాణం మీదికొస్తే అది క్లాస్ ఏ అవుతుంది. చట్టం సంగతి వదిలేయండి, ఆ తర్వాత మనం ఎలా బతుకుతాం?

మా ఆయన చేసేది చెప్తాను. డ్రైవర్ సీటు కింద ఇనుప కడ్డీకి కేబుల్‌తో కట్టిన చిన్న లాక్‌బాక్స్ ఉంటుంది, వేలితో నాలుగు బటన్లు నొక్కితే తెరుచుకుంటుంది. పిల్లలు కారులో ఉంటే గన్ అందులోనే. రాత్రి ఇల్లు చేరాక కారులో వదలరు, తీసి ఇంట్లో సేఫ్‌లో పెడతారు. అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో కారు అద్దాలు పగలగొట్టేవాళ్లు వెతికేదే గన్ కోసం. అలా పోయిన గన్‌తో ఎక్కడో ఏదో జరిగితే సీరియల్ నంబర్ పట్టుకుని పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. గన్ కంపెనీ స్టిక్కర్లు కారుకి అంటించొద్దు, ఇక్కడుంది పట్టుకెళ్లండి అని చెప్పినట్టు ఉంటుంది.

ఇంకో మాట, ఆఫీసు లాప్‌టాప్ బ్యాగులో ఎప్పుడూ పెట్టకండి. ఆ బ్యాగ్ తీసుకునే సోమవారం పొద్దున్నే ఫ్లైట్ ఎక్కడానికి వెళ్తారు. 2023లో దేశమంతా ఎయిర్‌పోర్టు చెకింగుల్లో 6,737 తుపాకులు దొరికాయి, నూటికి 93 లోడ్ చేసి ఉన్నవే. అందులో ఎక్కువమంది చెప్పే మాట, బ్యాగులో ఉన్న సంగతి మర్చిపోయాను అని. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు మర్చిపోయే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఫ్రిస్కో_గుంటూరు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడ, తమ్ముడు, నేను కూర్చుని మొత్తం చదివాం. ఇండియాలో లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా ఎలక్షన్లు వస్తే తుపాకి స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు, ఇక్కడ చూస్తే షాపులో అంత తేలిగ్గా చేతికిచ్చేశారు, వెనక ఇన్ని ఉంటాయని షాపులో ఎవరూ చెప్పరు. ఎడిసన్‌కి తీసుకెళ్లడం లేదు, ఖాయం. ఎల్‌టీసీ క్లాసు బుక్ చేస్తున్నాను, లైసెన్స్ చేతికొచ్చేదాకా ఇంట్లో సేఫ్‌లోనే ఉంటుంది. స్టోర్ మూసే రాత్రులు ఇద్దరం కలిసి మూయాలని, క్యాష్ రాత్రిపూట కాకుండా పగటిపూటే బ్యాంకులో వేయాలని పార్ట్‌నర్స్‌తో మాట్లాడాను. తమ్ముడు తనే వేరే కారు చూసుకుంటానంటున్నాడు.

ఒకటే మిగిలింది. లైసెన్స్ వచ్చాక రాత్రిపూట పోలీసులు ఆపితే ఏం చేయాలి? చెప్పాలా, అడిగితేనే చెప్పాలా? నిజంగా భయమేసేది దానికే.

డాలస్_పాతకాపు:

దానికి భయపడక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉన్నప్పుడు, ఆఫీసర్ ఐడీ అడిగితే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్‌టీసీ కూడా చూపించాలని టెక్సాస్ చట్టంలో ఉంది. కాబట్టి దాచే ప్రశ్నే లేదు.

నేను చేసేది ఇది. లైట్లు కనబడగానే సిగ్నల్ వేసి, వెలుగున్న చోట పక్కకి ఆపుతాను. ఇంజిన్ ఆపి, లోపలి లైటు వేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చుంటాను. ఆఫీసర్ ఏదీ తీయమనకముందే దేనికీ చెయ్యి చాపను. అడగ్గానే, "సర్, నాకు ఎల్‌టీసీ ఉంది, గన్ సీటు కింద పెట్టెలో తాళం వేసి ఉంది, లైసెన్సులు నా వెనక జేబులో ఉన్నాయి, తీయమంటారా?" అంటాను. చెప్పే మాట నెమ్మదిగా, గొంతు మామూలుగా ఉండాలి. గన్ అన్న మాట గట్టిగా ముందు అని, మిగతాది తర్వాత చెప్పడం చేయొద్దు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేతులు కూడా ఒళ్లో కనబడేలా ఉండాలి, అమ్మానాన్నలకి ఇది ముందే చెప్పి ఉంచు, పోలీసుల్ని చూసి కంగారుపడి బ్యాగులో పాస్‌పోర్ట్ కోసం వెతుకుతారు.

ముఖ్యంగా ఇన్సూరెన్స్ కాగితం, రిజిస్ట్రేషన్ గన్ ఉన్న చోట పెట్టొద్దు. కాగితం కోసం గ్లోవ్ బాక్స్ తెరిస్తే పిస్టల్ కనబడటం, ఆఫీసర్ చెయ్యి తన గన్ మీదికి పోవడం, ఇదంతా రెండు సెకన్లలో జరుగుతుంది. కాగితాలు సన్ వైజర్‌కి క్లిప్పు పెట్టి ఉంచు. ఆఫీసర్ కాసేపు గన్ తన దగ్గర పెట్టుకుంటానంటే ఎదురు చెప్పకు, వెళ్లేటప్పుడు తిరిగిస్తాడు. కారు వెతకొచ్చా అని అడిగితే, ఒప్పుకోవడం లేదండీ అని మర్యాదగా అనొచ్చు, అది నీ హక్కు, కానీ అడ్డుపడకూడదు. ఒకవేళ అరెస్టు దాకా వస్తే లాయర్ కావాలి అని ఒక్క మాట చెప్పి ఊరుకో, ఆ వచ్చే లాయర్‌తో మొదటి మాట గ్రీన్ కార్డ్ అని.

క్లాసుకి వెళ్లేటప్పుడు డ్రైవింగ్ లైసెన్స్, గ్రీన్ కార్డ్ రెండూ పట్టుకెళ్లు. షూటింగ్ పరీక్షకి గన్ అన్‌లోడ్ చేసి పెట్టెలో పెట్టి, తూటాలు వేరే పెట్టెలో వేసి, రెండూ ట్రంకులో పెట్టుకుని వెళ్లు, ఎందుకంటే అప్పటికింకా నీ దగ్గర లైసెన్స్ ఉండదు, దారిలో స్కూళ్లు ఉంటాయి. ఆ పెట్టెకి తాళం వేయడం మర్చిపోకు.